పటాలంలో తాత, బడిలో తెలెంగా

పర్లాకిమిడి నుంచి:

మా మామ్మ తాత గురించి చెప్పేటప్పుడు మిలిటరీ అని గానీ సైన్యం అని గానీ ఎప్పుడూ అనలేదు. “మీ తాత పటాలంలో కలిసిపోయాడు” అనేది. 1942లో మద్రాస్ రెజిమెంటులో చేరాడు, బర్మా వెళ్లాడు, 1948లో కశ్మీర్‌లో తిత్వాల్ దగ్గర ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఒక ఆకుపచ్చ రేకు పెట్టె, అందులో ఏనుగు బొమ్మ ఉన్న ఇత్తడి బ్యాడ్జీ. మా నాన్న చిన్నప్పుడు దాన్ని చింతపండు పెట్టి తోమీ తోమీ తొండం అరగదీశాడు.

మా వీధిలో ఒకాయన పటాలం అచ్చ తెలుగు మాటే అంటాడు. ‘ఆలము’ అంటే యుద్ధం కదా, పటు ఆలము, పటాలం అట. ఇది నిలుస్తుందా? ఇంకో సంగతి. బడిలో ఒడియా పిల్లలు నన్ను ‘తెలెంగా’ అనేవాళ్లు. ఆ మాటకు సిపాయి అని కూడా అర్థం ఉందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

బరంపురం నుంచి:

ఆలము అంటే యుద్ధమే బాబూ, కావ్యాల్లో కావలసినంత ఉంది. కానీ పటాలం దానికి చుట్టం కాదు. అది బెటాలియన్. బ్రౌను నిఘంటువులో పటాలము చూడండి. నాకు ముచ్చటగా తోచేది ఆ మొదటి అక్షరం. మనకు ‘బ’ ఉంది. బండి, బడి, బల్ల అని హాయిగా పలుకుతాం. నేరుగా ఇంగ్లీషు నుంచి వచ్చి ఉంటే ‘బటాలం’ అయ్యేది. మాట మొదట్లో వచ్చే ‘బ’ను ‘ప’ చేసేది తమిళం. అక్కడ అది పట్టాళం. అంటే మద్రాసు కంటోన్మెంటులో తమిళం నోట్లో నలిగి, సిపాయిల వెంట మన ఊళ్లకు వచ్చిందన్నమాట. అదే మాట వందేళ్లు పోయాక కాగితాల మీద మళ్లీ వస్తే ‘బెటాలియన్’ అని రాసుకున్నాం. మొదటిసారి చెవితో తెచ్చుకున్నాం, రెండోసారి కంటితో.

ఇక తెలెంగా. కలకత్తాను తిరిగి పట్టుకోవడానికి 1756లో క్లైవు మద్రాసు నుంచి ఓడల్లో దాదాపు 1500 మంది సిపాయిలను తీసుకెళ్లాడు. అందరూ తెలుగువాళ్లు కారు, తమిళులూ ముస్లింలూ ఉన్నారు. కానీ బెంగాల్ వాళ్లకు దక్షిణాది నుంచి వచ్చిన సిపాయి ఎవడైనా తెలంగుడే. మరుసటి ఏడు ప్లాసీ యుద్ధం. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ అక్కడి మనుషులతోనే పటాలాలు కట్టినా పేరు మాత్రం వదల్లేదు. 1857లో ఢిల్లీ ఉర్దూ కాగితాల్లో తిరగబడ్డ సిపాయిలను ‘తిలంగా’లనే రాశారు. వాళ్లు అవధ్, బీహారు మనుషులు, గోదావరిని కంటితో చూసినవాళ్లు కారు! నేపాలీలోనూ తిలంగా అంటే సిపాయే.

ఇందులో ఒక వెక్కిరింత ఉంది. మన పేరే ఉత్తరాదిలో సిపాయికి మారుపేరయ్యాక, 1880లలో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్సు మాత్రం దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. కొన్ని జాతులే పుట్టుకతో యుద్ధానికి తగినవన్న ‘వీర జాతుల’ లెక్క అది. క్రమంగా భర్తీ పంజాబు వైపు మళ్లింది. 1922లో మిగిలిన పటాలాలు కొన్నిటిని కలిపి 3వ మద్రాస్ రెజిమెంటు చేశారు, ఖర్చు తగ్గించాలని కొన్నేళ్లకే దాన్నీ ఎత్తేశారు. రెండో ప్రపంచ యుద్ధం మీదికొచ్చాక మళ్లీ గుర్తొచ్చాం. మీ తాతగారు చేరింది ఆ మళ్లీ కట్టిన దానిలో.

సిరోంచ నుంచి:

మాస్టారూ, మా దగ్గర మరాఠీవాళ్లు ‘పలటణ్’ అంటారు. అదీ ఈ బెటాలియన్ చుట్టమే అంటారు కదా? ఇంటినిండా పిల్లలు చేరితే మేమూ “పల్టన్ దిగింది” అంటాం.

ఆ ఏనుగు సంగతి నేను చెప్తా. అది మా మహారాష్ట్రలోదే. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి జాల్నా జిల్లా అస్సాయే దగ్గర వెల్లెస్లీ నడిపిన కంపెనీ సేన మరాఠా రాజులు సింధియా, భోంస్లేల సేనతో తలపడింది. అక్కడ పోరాడిన మద్రాసు పటాలాలకు జెండా మీద ఏనుగు బొమ్మ వేసుకునే గౌరవం దక్కింది. అదే నేటికీ టోపీ మీద ఉంది. ఆ రోజు ఎదురుగా నిలబడ్డది కూడా మన దేశపు కాల్బలమే అన్నది మా వైపు ఎవరూ మరిచిపోరు.

బరంపురం నుంచి:

అవును, రెండూ ఒక గూటి పక్షులే. మీ పల్టన్‌లాగే ఇక్కడ ‘పిల్లల పటాలం’. అంతకు ముందు మనకున్న ‘దండు’ గతీ అంతే. దండయాత్రలు పోయి మిడతల దండు మిగిలింది.

పర్లాకిమిడి నుంచి:

మాస్టారూ, తమిళం అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మా పెరట్లో పనస చెట్టు మీదికి కోతులు దిగితే తాత కర్ర పట్టుకుని “వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు” అని అరిచేవాడు. అది ‘కొట్టు, చంపు’ అనే వాళ్ల రెజిమెంటు రణనినాదమని నాకు ఈమధ్యే తెలిసింది. మామ్మ మాత్రం అది కోతులను తోలే మాట అనుకుంది. తాత పోయాక ఆవిడే ఇరవై ఏళ్లు అలా అరిచి తోలింది.