రెండు తెరల యుద్ధ సాక్ష్యం: పునర్నటన ఎంతవరకు, ఫోన్ క్లిప్‌ను ఎంత నమ్మాలి?

రెండోతెర:
ఒక మాజీ సైనికుడి ఇంటర్వ్యూతో 20 నిమిషాల రెండు ఛానెళ్ల ఇన్‌స్టలేషన్ ఎడిటింగులో ఉంది. ఒక తెర మీద ఆయన మాట, రెండో తెర మీద నటులతో పునర్నటన అన్నది ప్రస్తుతం ప్లాను. చిక్కేమిటంటే, ఒకే కాల్పుల ఘటనను ఆయన రెండు సిట్టింగుల్లో రెండు రకాలుగా చెప్పారు. ఒకసారి మిట్టమధ్యాహ్నం అన్నారు, ఇంకోసారి చీకటి పడుతుండగా అన్నారు. అబద్ధమాడుతున్నట్టు మాత్రం లేదు. ఆయన మొహం, గొంతు బయటపడకూడదని ఒప్పందం. దీనికి తోడు ఆ ఘటనదేనంటూ నాలుగు చేతులు మారి వచ్చిన 40 సెకన్ల ఫోన్ క్లిప్ ఒకటుంది.

రెండు వెర్షన్లలో ఒకటి ఎంచుకోవాలా? క్లిప్ వాడొచ్చా? రెండు తెరలు రోజంతా కలిసి నడవాలంటే ఏం చేయాలి?

కత్తెర_మాట:
ఎంచుకోవద్దు. రెండూ ఉంచండి, కానీ అతుకు కనబడనివ్వండి. కల్పన కలపడం మీద ఈ రంగంలో పెద్దగా పేచీ లేదు, అతుకు దాచినప్పుడే గొడవ.

వీడియో ఆర్టిస్టు ఒమర్ ఫాస్ట్ 2007లో చేసిన 'ద కాస్టింగ్' అనే ఇన్‌స్టలేషన్ మీ పనికి బాగా దగ్గర. నిడివి 14 నిమిషాలు. ఒక అమెరికన్ సైనికుడు చెప్పిన రెండు కథలు అందులో ఉంటాయి: జర్మనీలో ఒక అమ్మాయితో కలిసి తిరిగిన రోజు ఒకటి, ఇరాక్‌లో పొరపాటున ఒక పౌరుణ్ణి కాల్చడం ఇంకొకటి. ఫాస్ట్ వాటిని వాక్యం మధ్యలో కోసి, ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి మనకు తెలియకుండా జారేలా అతికించాడు. తెరల ముందువైపు నటులు బొమ్మల్లా కదలకుండా నిలబడి ఉంటారు. వెనక్కి నడిచి వెళ్తే అసలు ఇంటర్వ్యూ ఆడుతుంటుంది, అక్కడ ప్రతి కోతా గెంతులా కనిపిస్తుంది. ముందువైపు నమ్మేసిన కథ వెనకాల ఊడిపోతుంది.

మీ టైమ్‌లైన్‌లో దీన్ని ఇలా చేయొచ్చు. మొదటి సిట్టింగులోంచి రెండోదానికి దూకే చోట వేరే షాట్ కప్పకండి. 6 నుంచి 8 ఫ్రేముల నలుపు చాలు. రెండు గదుల శబ్దం వేరుగా ఉంటే అలాగే వదిలేయండి. అలవాటుకొద్దీ రూమ్ టోన్ (ఖాళీ గదిలో వినబడే సన్నని శబ్దం) పరిచి నున్నగా చేయాలనిపిస్తుంది, ఇక్కడ దాని వల్ల నష్టమే.

ఇక పునర్నటన. దర్శకుడు హరున్ ఫరోకీ వీడియోల వరుస 'సీరియస్ గేమ్స్' చివరి భాగం (2010) ఒకసారి చూడండి. సైనికుల శిక్షణ కోసం చేసిన సిమ్యులేషన్‌లో వస్తువులకు నీడలుంటాయి. యుద్ధం నుంచి మానసిక గాయంతో తిరిగొచ్చినవాళ్లకు చికిత్స కోసం వాడేదాంట్లో నీడలుండవు, ఎందుకంటే అది చౌక వెర్షన్. ఫరోకీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాడంతే. మీరు పునర్నటనను మధ్యాహ్నపు ఎండలో తీశారంటే మీ సైనికుడు చెప్పిన రెండిట్లో ఒకదానికి తీర్పు ఇచ్చేసినట్టే. అవే అడుగులు, అదే లెన్సు, అదే కెమెరా ఎత్తుతో రెండుసార్లు తీయండి. వెలుతురొక్కటే మారాలి. నేల మీద టేపుతో నటుల స్థానాలు గుర్తు పెట్టుకోకపోతే రెండో టేక్ కలవదు.

అసలు పునర్నటన కావాలా అన్నది కూడా ఆలోచించాల్సిందే. జోవానా హాజీథోమస్, ఖలీల్ జోరేజ్‌ల ఫిల్మ్ 'ఖియామ్ 2000–2007'లో దక్షిణ లెబనాన్‌లోని ఖియామ్ నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన ఆరుగురు కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, అంతే. 2006 యుద్ధంలో శిబిరం ధ్వంసమయ్యాక వాళ్లనే మళ్లీ కూర్చోబెట్టి తీశారు. మీ దగ్గరా రెండు సిట్టింగులున్నాయి, తెరలూ రెండే.

పిక్సెల్_పరీక్ష:
క్లిప్ సంగతి నేను చెప్తాను. ముందుగా, పంపినవాళ్లను ఒరిజినల్ ఫైలే అడగండి. మెసేజింగ్ యాప్‌లలో ఫార్వర్డ్ అయిన వీడియో మళ్లీ కుదించబడుతుంది, తేదీ, జీపీఎస్ వంటి మెటాడేటా పోతుంది. ఫైలు చేతికి రాగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు మారితే మారిపోయే వేలిముద్ర లాంటి కోడ్) తీసి రాసిపెట్టుకుని, కాపీ మీదే పనిచేయండి.

తర్వాత స్పష్టంగా ఉన్న ఐదారు ఫ్రేములు తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (బొమ్మతో నెట్‌లో వెతకడం) వేయండి. పాత యుద్ధాల క్లిప్పులు కొత్తవాటిగా తిరగడం మామూలే. 'ఆర్మా 3' అనే గేమ్ దృశ్యాలు కూడా నిజమైన పోరాటాలుగా చాలాసార్లు చెలామణీ అయ్యాయి. క్లిప్ ఇది దాటితే స్థలం చూడండి: కొండల అంచు, నీళ్ల ట్యాంకు, స్తంభాల వరుస, ఇవన్నీ ఉపగ్రహ చిత్రంతో కలవాలి.

సమయానికి నీడే ఆధారం. నిట్టనిలువు స్తంభం ఎత్తును నీడ పొడవుతో భాగిస్తే సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో లెక్క దొరుకుతుంది. తేదీ, స్థలం తెలిస్తే అక్కణ్ణుంచి గంట తేల్చొచ్చు. అదే పొడవు నీడ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పడుతుంది కాబట్టి దిక్కు తప్పక చూడాలి. నేల వాలుగా ఉంటే ఈ లెక్క చెడుతుంది.

పేలుడు కనబడితే మెరుపుకీ చప్పుడుకీ మధ్య ఎడం కొలవండి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. 2 సెకన్ల ఎడం అంటే దూరం దాదాపు 686 మీటర్లు. ఇక్కడ రెండు చోట్ల బోల్తా పడతారు. ఫోన్లు ఫ్రేమ్‌రేటును మారుస్తూ రికార్డు చేస్తాయి. ఫ్రేములు లెక్కపెట్టి 30తో భాగిస్తే తప్పు వస్తుంది, టైమ్‌స్టాంపులే చూడాలి. రెండోది, తుపాకీ కాల్పుల్లో బుల్లెట్ ధ్వనివేగాన్ని మించి పోతే దాని చిటపట ముందు వినిపిస్తుంది, గొట్టం పేలిన చప్పుడు తర్వాత వస్తుంది. మొదటిదాన్ని పట్టుకుని దూరం లెక్కేస్తే పనికిరాదు.

ఇంత చేసినా తేలేది క్లిప్ ఎక్కడిది, ఎప్పటిది అన్నదే. సైనికుడి జ్ఞాపకాన్ని దాంతో సరిదిద్దబోకండి.

మొహానికి మొజాయిక్ వద్దు. గళ్లు చిన్నవైతే కదిలే ఫ్రేముల నుంచి పోలిక బయటపడొచ్చు. అసలు మొహాన్ని షూట్ చేయకపోవడమే మేలు, తప్పకపోతే దళసరి నల్ల మాస్కు వేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. గొంతు పిచ్ మార్చడం అంతకంటే బలహీనం, ఎంత మార్చారో ఊహించి వెనక్కి తిప్పేయొచ్చు. నటుడితో చెప్పించి, ఆ సంగతి తెర మీద రాయండి. వాలిద్ రాద్ 2001 వీడియో 'హోస్టేజ్: ద బషర్ టేప్స్'లో కల్పిత బందీ తన గొంతుకు బదులు ఒక ఆడగొంతుతో డబ్బింగ్ చెప్పించమని తనే అడుగుతాడు. డబ్బింగ్ అక్కడ రహస్యం కాదు, కథలో భాగం.

రెండోతెర:
చాలా ఉపయోగం, ఇద్దరికీ థాంక్సండీ. ఇంకొక్క సందేహం. క్లిప్‌లో ఆడియో లేదు. కింద కాల్పుల శబ్దం వేస్తే తప్పా? పునర్నటన మరీ అందంగా వస్తోందన్న బెంగ కూడా ఉంది.

మౌనం_మీటర్:
శబ్దం వేయడం తప్పే. ఫొటోగ్రాఫర్ రిచర్డ్ మోస్ వీడియో ఇన్‌స్టలేషన్ 'ది ఎన్‌క్లేవ్' (2013) చూడండి. తూర్పు కాంగో యుద్ధాన్ని ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద తీస్తే పచ్చని కొండలు గులాబీ రంగులోకి వచ్చాయి. మరీ అందంగా ఉందని చాలామంది విసుక్కున్నారు, నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. అయినా ఆ రంగు చూసి ఎవరూ మోసపోరు, కొండ గులాబీ రంగులో ఉండదని అందరికీ తెలుసు. మీరు అతికించే తుపాకీ చప్పుడు అలా కాదు, చూసేవాళ్లు దాన్ని క్లిప్‌దే అనుకుంటారు. అందం గురించి బెంగ వద్దు, చప్పుడు గురించే బెంగపడండి.

శబ్దంతోనే జ్ఞాపకాన్ని పట్టుకోవాలంటే శబ్దం మీద పనిచేసే ఆర్టిస్టు లారెన్స్ అబూ హమ్దాన్ చేసింది చూడండి. సిరియాలోని సైద్నాయా జైల్లో ఖైదీల కళ్లకు గంతలు కట్టేవారు, మాట్లాడితే శిక్ష. బయటపడినవాళ్లకు వేర్వేరు స్థాయుల శబ్దాలు వినిపించి, లోపల ఎంత మెల్లగా గుసగుసలాడేవారో గుర్తుపట్టమన్నాడు. 2011లో తిరుగుబాటు మొదలయ్యాక ఆ స్థాయి 19 డెసిబెల్స్ పడిపోయిందని తేలింది. ధ్వని పీడనంలో అది దాదాపు తొమ్మిదో వంతు. మీ సైనికుడిని కూడా 'ఎంత పెద్ద చప్పుడు' అని అడక్కండి. ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఆయన చేతికే ఇచ్చి, సరిగ్గా ఉన్నచోట ఆపమనండి. ఆ సంఖ్యను నిశ్శబ్దంగా ఆడే క్లిప్ పక్కన వేయొచ్చు.

లూప్_24:
ఇక తెరల సంగతి. రెండు మామూలు ప్లేయర్లను ఒకేసారి నొక్కి వదిలేస్తే కుదరదు. లూప్ తిరిగే ప్రతిసారీ ఒక్కో ప్లేయర్ ఒక్కోలా ఆలస్యం చేస్తుంది. 20 నిమిషాల లూప్ 8 గంటల్లో 24 సార్లు తిరుగుతుంది. ప్రతిసారీ 2 ఫ్రేముల తేడా వస్తే సాయంత్రానికి 48 ఫ్రేములు, అంటే 25 ఫ్రేమ్‌రేటు దగ్గర దాదాపు 2 సెకన్లు. ఆ 6 ఫ్రేముల నలుపు కోతలు అప్పటికి అర్థం లేకుండా పోతాయి.

తేలిక దారి: 3840×1080 వెడల్పు ఫైలు ఒకటి చేసి, రెండు అవుట్‌పుట్లున్న ఒకే కంప్యూటర్ నుంచి సగం సగంగా ప్రొజెక్టర్లకు పంపండి. ఫైలు ఒకటే కాబట్టి జారడానికేమీ ఉండదు. తెరలు దూరంగా ఉంటే నెట్‌వర్క్ సింక్ ఉన్న ప్లేయర్లు తీసుకోండి, వైఫై వద్దు, కేబుల్ లాగండి. రెండు ఫైళ్ల ఫ్రేమ్‌రేటు, నిడివి ఫ్రేముతో సహా ఒకటే ఉండాలి, ప్లేయర్ల ఫర్మ్‌వేర్ (వాటిలోని సాఫ్ట్‌వేర్) కూడా. ఫోన్ క్లిప్‌ను ముందే స్థిరమైన 25 ఫ్రేమ్‌రేటుకు మార్చి టైమ్‌లైన్‌లోకి తేవాలి, లేకపోతే ఎక్స్‌పోర్టులో తేడా చేస్తుంది. మాస్టర్ ఫైలును నాణ్యత పోని ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్‌లో దాచుకుని, ప్లేయర్‌కు బాగా కుదించిన హెచ్.264 ఫైలు ఇవ్వండి.

మాట ఒక్క స్పీకర్‌లోంచే రానివ్వండి, కూర్చునే బెంచీకి ఎదురుగా, చెవి ఎత్తులో. నేల మీద తివాచీ లేకపోతే మాట ప్రతిధ్వనిలో కలిసిపోతుంది.

ప్రారంభానికి ముందు రోజు ఫైలు చివర రెండు తెరల మీదా ఒకే తెల్ల ఫ్రేము పెట్టి 8 గంటలు ఆపకుండా నడపండి. 24వ లూప్‌లో ఆ తెల్ల ఫ్రేమును ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి, రెండూ ఒకేసారి వెలిగాయో లేదో చూసుకున్నాకే దాన్ని తీసేసి ఫైనల్ ఎక్కించండి.