చలం వాక్యంలో ‘కూడా’ ఉందా, లేదా?

కృష్ణాతీరం: చిన్న సందేహం, రెండ్రోజులుగా నస పెడుతోంది. చలం ‘స్త్రీ’ పుస్తకంలో ఆ మూడు మాటలు: శరీరం ఉంది, దానికి వ్యాయామం ఇవ్వాలి; మెదడు ఉంది, దానికి జ్ఞానం ఇవ్వాలి; హృదయం ఉంది, దానికి అనుభవం ఇవ్వాలి. మొదటి వాక్యం ‘స్త్రీకి కూడా శరీరం ఉంది’ అనా, ‘స్త్రీకీ శరీరం ఉంది’ అనా? సభల్లో రెండు రకాలుగానూ విన్నాను. నా చెవికి ‘కీ’ దీర్ఘమే బాగుంది. పుస్తకం ఎవరో పట్టుకెళ్ళి తేలేదు.

పాతపుస్తకాలు: ‘కూడా’నే. అది తీసేస్తే వాక్యానికి పస లేదు. మగవాడికి ఒళ్ళుందని ఎవరూ చెప్పనక్కర్లేదు, పొద్దున లేచింది మొదలు దాని సేవలోనే ఉంటాడు. ఆ ‘కూడా’ ఓ చెంపపెట్టు.

కృష్ణాతీరం: మరి మెదడు దగ్గరికొచ్చేసరికి ‘ఆమెకి మెదడు ఉంది’ అంటాడు, ‘కూడా’ లేదు. శరీరానికి మాత్రమే ఎందుకు, మాష్టారూ?

తుంగభద్ర: మీరిద్దరూ ‘కూడా’ దగ్గరే కూర్చున్నారు. అసలు తగువు ‘ఇవ్వాలి’ దగ్గర. ఎవరివ్వాలి? తండ్రా, మొగుడా? మా అమ్మ దీన్ని ‘వ్యాయామం కావాలి’ అనే చెప్పేది, నాకదే ఒప్పు.

పాతపుస్తకాలు: ‘కావాలి’ కాదమ్మా, ‘ఇవ్వాలి’. చలం బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు గదా. బడి తనిఖీ రిపోర్టులా చదివి చూడండి: డ్రిల్లు ఉండాలి, పాఠం ఉండాలి. ఇది నా సొంత సిద్ధాంతం, పేటెంటు నాదే.

నీలగిరి: తెలుగులో కర్తని చెప్పకపోతే కర్త పరాయివాడని కాదు. ‘ఒంటికి కాస్త ఎండ తగలనివ్వాలి’ అంటాం. ఎవరి ఒంటికి వాళ్ళే. అలాగే తన శరీరానికి వ్యాయామం ఇచ్చుకోవాల్సింది ఆమే అని ఎందుకు చదవకూడదు?

తుంగభద్ర: అలాగైతే ‘ఇచ్చుకోవాలి’ అనేవాడు. ఆ ‘కో’ లేదు. తన కోసం తాను చేసుకునే పనికి తెలుగులో ‘కొను’ ఉండగా చలం దాన్ని వాడలేదంటే ఆలోచించాలి.

నైట్‌డ్యూటీ: గైనిక్ ఓపీలో నర్సుని, మధ్యలో దూరుతున్నాను. ‘స్త్రీకి కూడా శరీరం ఉంది’ అని నేను రోజూ చెప్పాల్సి వస్తోంది, అదీ ఆడవాళ్ళకే. నడుం నొప్పి అని వస్తారు. నాలుగు ప్రశ్నలు వేశాక చెయ్యి అడ్డం పెట్టుకుని ‘అక్కడ’ అంటారు. ఇంకో రెండు వేస్తే తెల్లబట్ట ఎన్నాళ్ళ నుంచో అవుతోందని చెబుతారు. ఆ భాగానికి నోరారా అనగలిగిన పేరే లేనప్పుడు జబ్బు ఎలా చెప్పుకుంటారు? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 9కి దగ్గర, తెలంగాణలో 8కి దగ్గర. ఆపరేషనయ్యాక ఒకావిడ నన్నడిగింది, ‘నేనింక ఆడదాన్నేనా సిస్టర్’ అని. గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయాల హార్మోన్లు మామూలుగానే వస్తుంటాయి, కోరిక దానంతటది చచ్చిపోదు. అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ముట్లు ఆగిపోయే వయసు ఒక్కసారిగా మీదపడినట్టే. ఒంట్లో ఆవిర్లు, కింద పొడిబారడం, ముందుముందు ఎముకలు పెళుసవడం. వీటికి మందులున్నాయి. అయితే తన పని అయిపోయిందని తనే తీర్మానించుకుని చాప వేరే వేసుకున్న మనిషి మందు కోసం ఎందుకొస్తుంది?

పాతపుస్తకాలు: చాలా బాగా చెప్పారు సిస్టర్ గారూ. అన్నట్టు ‘ఆడదాన్నేనా’లో ఏకారం గమనించారా? అవధారణ, అంటే నొక్కి చెప్పడం, పైన ప్రశ్నార్థకం. ‘ఆడదాన్నా’ అంటే వేరు.

నైట్‌డ్యూటీ: ఏకారం మీరు చూసుకోండి మాష్టారూ, నాకు వార్డులో పనుంది.

సబ్‌రిజిస్ట్రారాఫీసుఎదురుగా: దస్తావేజులు రాసేవాణ్ణి. మా లెక్కలో ‘అనుభవం’ అంటే స్వాధీనంలో ఉండడం. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. ఇందాక సిస్టర్ చెప్పింది అదే కదా. పట్టా ఆవిడ పేరనే ఉంది, అనుభవదారు కాలమ్‌లో ఇంకెవరో. చలం ఆ మాటని ఊరికే వేయలేదు.

నీలగిరి: అన్నా, కాలమ్ బ్రహ్మాండం. అయితే చలం అనుభవం ఇమ్మన్నది హృదయానికి. శరీరానికి వ్యాయామంతో సరిపెట్టాడు. చలం అంటే ఒళ్ళే అని తిట్టేవాళ్ళు ఈ వాక్యం చూడరు.

తుంగభద్ర: చూసినా ‘వ్యాయామం’ అంటే ఏమిటో అని కన్ను గీటుతారు.

వావిళ్ళఅభిమాని: అనుభవం మాటకొస్తే చలం దాకా ఎందుకండీ, కవయిత్రి ముద్దుపళని లేదూ? 18వ శతాబ్దం, తంజావూరు, ప్రతాపసింహుడి కొలువు. ‘రాధికా సాంత్వనం’లో అలిగేది రాధ, బతిమాలాల్సినవాడు కృష్ణుడు. వీరేశలింగం ఏవగించుకున్న ఆ కావ్యాన్ని గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, 1911లో సర్కారు నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ఆ నిషేధం ఎత్తేశారు. ఆడది తన కోరిక తానే చెప్పుకుంటే ఎంత గొడవో!

కృష్ణాతీరం: అందరూ బాగానే చెబుతున్నారు, ‘కీ’ సంగతి తేల్చండి.

తుంగభద్ర: చలం, ముద్దుపళని ఇద్దరి కన్నా నాకు కవయిత్రి రేవతీదేవి ఇష్టం. ఆవిడ పోయాక 1981లో వచ్చిన కవితల పుస్తకం ‘శిలాలోలిత’. కోరికని కోరికనే అంటుంది, ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. దిగులుని కూడా ఒంటితోనే చెబుతుంది. సిస్టర్ గారు చెప్పే ‘అక్కడ’ ఆవిడ దగ్గర ఉండదు.

పాతపుస్తకాలు: ఆ పేరు ఎలా విడదీస్తారు? శిల, ఆలోలిత. సవర్ణదీర్ఘం.

నీలగిరి: శిలా, లోలిత అన్నా అంతే గదా. సంస్కృతంలో ‘శిలా’ ఎలాగూ ఆకారాంతమే. సంధి అక్కర్లేదు.

పాతపుస్తకాలు: ‘ఆ’ కావాలి నాయనా. ఆలోలిత అంటే కొంచెంగా కదిలినది. శిల కదా, కొంచెమే కదులుతుంది.

తుంగభద్ర: కొంచెమా? ఆ కవితలు ఒక్కటైనా చదివారా మీరు?