రక్షణ శాఖ నిధులతో మూడు విభాగాల ఉమ్మడి పరిశోధన: ప్రపోజల్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, హైదరాబాద్):

పెద్దలకు, తోటి అధ్యాపకులకు నమస్కారం. నేను నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. రాకెట్ల ఘన ఇంధనాలలో కలిపే సూక్ష్మ అల్యూమినియం పొడి మండే తీరుపై మెకానికల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగాల సహోద్యోగులతో కలిసి ఒక ప్రాజెక్టు చేయాలని అనుకుంటున్నాము. అమెరికా రక్షణ శాఖ అనేక విభాగాల ఉమ్మడి పరిశోధనకు ఇచ్చే ‘మ్యూరి’ నిధికి మనం దరఖాస్తు చేయవచ్చునా? వీలు కాకపోతే ఇక్కడ ఎవరిని సంప్రదించాలి? మా ముసాయిదాలో ఒక్కో విభాగానికి ఒక్కో అధ్యాయం కేటాయించి, బడ్జెట్‌ను మూడు సమాన వాటాలు చేశాము. చదివిన సీనియర్ ఒకరు “ఇది ఒక ప్రపోజల్ కాదు, మూడు” అని తిప్పి ఇచ్చారు. ఆ మాటను ఎలా సరిదిద్దుకోవాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

సమాధానం (విశ్రాంత ప్రొఫెసర్):

అమ్మా, ముందుగా మ్యూరి సంగతి చెబుతాను. అది అమెరికా సైన్యం, నౌకాదళం, వాయుసేనల పరిశోధన కార్యాలయాలు అక్కడి విశ్వవిద్యాలయాల కోసం నడిపే పథకం కాబట్టి మన విశ్వవిద్యాలయం ప్రధాన దరఖాస్తుదారుగా నిలవడానికి వీలు లేదు. అయినా దాని పద్ధతి తెలుసుకోవడం మీకు మేలు చేస్తుంది. అంశాలను ఆ కార్యాలయాలే ప్రకటిస్తాయి. దరఖాస్తు చేసేవారు ముందు కొద్ది పేజీల వైట్ పేపర్ పంపి, దానిపై వచ్చిన అభిప్రాయాన్ని చూసుకొని పూర్తి ప్రపోజల్ రాస్తారు. ఎంపికైన బృందానికి ఏడాదికి సుమారు 15 లక్షల డాలర్ల వరకు, మొదట 3 ఏళ్లకు, పని బాగుంటే మరో 2 ఏళ్లకు నిధులు అందుతాయి. ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా తేల్చలేని ప్రశ్నను ఎంచుకోవడమే ఆ పథకానికి ప్రాణం. మీ ముసాయిదాలో లోపించినదీ అదే.

ఇక్కడ మీకున్న దారులలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ప్రధాన కార్యాలయం ద్వారా విద్యాసంస్థలకు వచ్చే గ్రాంట్లు ఒకటి. విమానయాన సంబంధమైన వాటికి 1971లో ఏర్పడిన ఏరోనాటిక్స్ పరిశోధన బోర్డు, నౌకాదళ అవసరాలకు 1996లో ఏర్పడిన నావల్ రీసెర్చ్ బోర్డు ఉన్నాయి. ఆయుధాలకు, జీవశాస్త్రాలకు వేర్వేరు బోర్డులు ఉన్నాయి. అయితే మీ అంశానికి అన్నిటికంటే దగ్గరి తలుపు మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అధిక శక్తి పదార్థాల (రాకెట్ ఇంధనాలు, పేలుడు పదార్థాల వంటివి) కోసం 2005లో మొదలైన ఆక్రెమ్ కేంద్రం, ఇప్పుడు డీఆర్‌డీవో దేశవ్యాప్తంగా 15 చోట్ల నెలకొల్పిన పరిశ్రమ-విద్యాసంస్థల ఉత్కృష్టతా కేంద్రాలలో ఒకటిగా పనిచేస్తున్నది. ఇతర విద్యాసంస్థల పరిశోధకులను కలుపుకొని పని చేయడానికి ఈ కేంద్రాలలో వీలుంది. గచ్చిబౌలి వరకు ఒకసారి వెళ్లి మాట్లాడి రండి. డీఆర్‌డీవో నడిపే టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్‌ను మాత్రం దీనితో కలిపి ఆలోచించకండి. ప్రాజెక్టుకు 50 కోట్ల రూపాయల వరకు ఇచ్చే ఆ నిధి పరిశ్రమల కోసం ఉద్దేశించినది, విద్యాసంస్థ అందులో భాగస్వామిగానే చేరగలదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ సీనియర్ అన్న మాట నిజం. నేను కూడా ఒకప్పుడు అదే తప్పు చేసి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. మేము ముగ్గురం ఒకే పొడి మీద పని చేస్తున్నామని కాగితంపై రాసుకున్నాము. ఆచరణలో ఎవరి కుంపటి వారిదే అయింది. జూలైలో మా ప్రయోగశాలలో సీసా మూత తీశాము. మెకానికల్ వారు దాని నుంచే మూడు వారాల తరువాత నమూనా తీసుకున్నారు, ఈలోగా వర్షాకాలపు తేమ దాని పని అది చేసింది. లెక్కలు కట్టే మిత్రుడు మాత్రం సీసా లేబుల్ మీద ఉన్న రేణువు పరిమాణాన్నే తన నమూనాలో వాడాడు. సమీక్ష రోజున మూడు గ్రాఫులనూ ఒకే తెరపై వేస్తే ఒకదానికొకటి పొంతన లేదు. గాలి, తేమ తగిలిన అల్యూమినియం రేణువు చుట్టూ మండని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. 50 నానోమీటర్ల రేణువు చుట్టూ 3 నానోమీటర్ల పొర ఉన్నదనుకుంటే, ఘనపరిమాణంలో దాదాపు మూడో వంతు మండని పదార్థమే అవుతుంది. ఆ పొరను కొలిచేది రసాయనశాస్త్రం, దానివల్ల జ్వలనం ఎంత ఆలస్యమవుతుందో చూసేది మెకానికల్, ఆ రెండింటినీ కలిపి ముందుగా ఊహించేది గణన. మీ ఉమ్మడి ప్రశ్న అక్కడే ఉంది. “నిల్వలో ఉన్న పొడి ఎంత కాలానికి, ఎంత తేమకు, ఎంత శక్తిని కోల్పోతుంది?” అని ఒక్క వాక్యంలో రాసుకొని, ప్రతి విభాగం ఇచ్చే కొలత పక్కవారికి ఎప్పుడు, ఏ రూపంలో అందాలో దాని కింద ఒక్క పేజీలో రాయండి. నమూనాల తయారీ, నిల్వ, పంపకం ఒక్కరి చేతిలోనే ఉండాలి, సీసా తెరిచిన ప్రతిసారీ తేదీని, గది తేమను నమోదు చేయాలి. బడ్జెట్‌ను పనిని బట్టి పంచండి, సమాన వాటాలు చూడగానే సమీక్షకులకు అనుమానం వస్తుంది.

పూర్తి ప్రపోజల్ రాయకముందే ఆ ఒక్క పేజీని తీసుకొని, ఈ ఫలితం ఎవరికి అవసరమో ఆ ప్రయోగశాల శాస్త్రవేత్తను కలవండి. మీ అంశాన్ని ప్రధానంగా చూసేది పుణేలోని అధిక శక్తి పదార్థాల పరిశోధనశాల హెచ్ఈఎంఆర్ఎల్. క్షిపణుల వైపు నుంచి అయితే ఇక్కడ కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఉంది. ఫలితం కోసం ఎదురుచూసేవారు లేని ప్రపోజల్ ఎంత బాగా రాసినా నిలబడటం కష్టం.

సమాధానం (విశ్వవిద్యాలయ అకౌంట్స్ విభాగంలో పనిచేసినవారు):

మేడమ్, ప్రొఫెసర్ గారు చెప్పినదానికి నిధుల వైపు నుంచి కొంత చేర్చుతున్నాను. ప్రాజెక్టులో చేరే జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్ఎఫ్) జీతం 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)కు 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. మూడేళ్ల ప్రాజెక్టులో ఫెలో మధ్యలో ఎస్ఆర్ఎఫ్ అవుతారని మరచి బడ్జెట్ వేసేవారు చాలామంది. గ్రాంటుపై వచ్చిన వడ్డీ మీ ఖర్చుకు కాదు, 2017 సాధారణ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) ప్రకారం దానిని భారత సంచిత నిధికి జమ చేయాలి. వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో వెళ్లకపోతే తరువాతి వాయిదా ఆగిపోతుంది కనుక ఏప్రిల్ మొదటి వారంలోనే మా విభాగం వారిని కలుసుకోండి. మూడు విభాగాలకు మూడు లెడ్జర్లు తెరవకుండా ప్రాజెక్టుకు ఒకటే లెడ్జర్ ఉంచమని ముందే రాతపూర్వకంగా కోరండి.

ప్రశ్న (అడిగినవారు):

సర్, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. ఈ ప్రాజెక్టులో చేరే పిహెచ్‌డీ విద్యార్థి తన ఫలితాలను ప్రచురించుకోగలడా?

సమాధానం (విశ్రాంత ప్రొఫెసర్):

అడగవలసిన ప్రశ్నే అడిగారమ్మా. అమెరికాలో 1985 నాటి అధ్యక్ష విధాన ఆదేశం ప్రాథమిక పరిశోధన ఫలితాలపై సాధ్యమైనంత మేరకు ఆంక్షలు ఉండకూడదని చెప్పింది, మ్యూరి పనులు ఆ కోవలోకే వస్తాయి. ఇక్కడ నిధులిచ్చిన సంస్థ ముందస్తు అనుమతి తీసుకొనే వ్యాసం పంపాలి, అందుకు పట్టే సమయాన్ని విద్యార్థి గడువులో లెక్కించుకోవాలి. పొడి పాతబడటం, ఆక్సైడ్ పొర పెరగడం వంటి మౌలికమైన భాగాన్ని సిద్ధాంత గ్రంథానికి కేటాయించి, ఇంధన మిశ్రమపు పాళ్లకు సంబంధించిన పనిని నివేదికలకే పరిమితం చేయండి. ఈ విభజనను ఒప్పందంపై సంతకం కాకముందే ప్రయోగశాల వారితో మాట్లాడి రాయించుకోండి, చేరే రోజునే విద్యార్థికి చదివి వినిపించండి. మీ ఒక్క పేజీ సిద్ధమైనప్పుడు దానిని ఈ చర్చలో పెట్టవద్దు. నాకు విడిగా పంపితే చూసి చెబుతాను.