జనరేటర్ ట్రాలీ లాగడానికి బీఎస్4 డీజిల్ పికప్ మేలా, బీఎస్6 మేలా?

అన్నలూ, మాది ఎస్.కోట. టెంట్ హౌస్ నడుపుతున్నాం. పెళ్లిళ్లకి పికప్ వెనకాల జనరేటర్ ట్రాలీ తగిలించి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటాం. మొన్న మలుపులో ఫస్ట్ గేరులో కూడా లాగలేక బండి ఆగిపోయింది. నాన్న దిగి టైరు కింద రాయి పెట్టేదాకా నా ప్రాణం నాలో లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో రెండు చూశాం. 2018 బీఎస్4 (పాత పొగ ప్రమాణాల బండి) అయితే మా ఊరి మెకానిక్కే విప్పి బిగించేస్తాడు. 2021 బీఎస్6కి (కొత్త పొగ ప్రమాణాలది) డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంది. అందులో మసి కాలాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో నడవాలి. సీజన్ లేనప్పుడు మావన్నీ అయిదారు కిలోమీటర్ల తిరుగుళ్లే. ఊరికే నిండిపోతుందేమోనని టెన్షన్. ఘాట్‌లో బరువుతో బీఎస్6 నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మాఘమాసం ముహూర్తాలలోపు కొనాలి.