కస్టమర్లే తమ పేజీలు ఎక్కించుకునేలా చేయాలంటే ఏది ఇవ్వాలి?

కిమిడి_కుర్రాడు:
అందరికీ నమస్కారం, మాది పర్లాకిమిడి. చిన్న వీపీఎస్ (పెద్ద సర్వర్లో మన వాటాగా ఇచ్చే సర్వర్) ఒకటి అద్దెకు తీసుకుని తెలిసినవాళ్ల సైట్లు నడుపుతున్నాను. కొమ్ము బొమ్మలు చేసేవాళ్లవి, ఒక కల్యాణ మండపం, బరంపురంలో ఒక పట్టు చీరల షాపు. వాళ్లు ఫొటోలు, రేట్లు వాట్సాప్‌లో పంపితే నేనే ఎక్కిస్తున్నా, పెళ్లిళ్ల సీజన్లో ఇక నా వల్ల కావట్లేదు. లాగిన్లు వాళ్లకే ఇచ్చేద్దామని ఉంది. ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు పంపే పాత పద్ధతి) పెట్టడం తేలికే కానీ చాలామంది వద్దంటున్నారు. పైగా ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి కనబడకూడదు, అదో టెన్షన్. మీరైతే ఏం ఇస్తారు?

బరంపురం_బాబాయ్:
మామూలు ఎఫ్‌టీపీ జోలికి పోకు బాబూ. అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా వెళ్తుంది, ఏ లాడ్జి వైఫైలోనో షాపాయన లాగిన్ అయితే అదే వైఫైలో ఉన్న తెలివైనవాడు పట్టేయగలడు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు కూడా 2021లోనే ఎఫ్‌టీపీని తీసేశాయి. ఎస్‌ఎఫ్‌టీపీ ఇవ్వు, అందులో పాస్‌వర్డూ ఫైళ్లూ గుప్తంగా వెళ్తాయి. దాన్ని నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (నువ్వు సర్వర్లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామే) నీ సర్వర్లో ఎలాగూ ఉంటుంది, పోర్టు, అంటే సర్వర్లోకి వచ్చే దారి, మామూలుగా 22 ఒక్కటి చాలు. కస్టమర్లందరినీ ఒక గ్రూపులో వేసి, ఆ గ్రూపుకి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉండే ఇంటర్నల్ ఎస్‌ఎఫ్‌టీపీ మాత్రమే నడిచేలా, ఎవరి ఫోల్డర్‌కి వాళ్లు చ్‌రూట్ అయ్యేలా (అంటే ఆ ఫోల్డర్ దాటి బయటికి రాలేకుండా) సెట్ చేస్తే సర్వర్‌కి కమాండ్లు ఇచ్చే షెల్ దొరకదు, పక్కవాళ్ల ఫైళ్లూ కనబడవు. ఫైళ్లు పంపడానికి వాళ్ల కంప్యూటర్లో ఫైల్‌జిల్లా గానీ విన్‌ఎస్‌సీపీ గానీ పెట్టు.

రాయగడ_వెబ్:
ఎఫ్‌టీపీఎస్ (ఎఫ్‌టీపీకే గుప్త భద్రత కలిపింది) అనే ఇంకోటి కూడా చెప్తారు, అందులోనూ పాస్‌వర్డ్ భద్రమే. కాకపోతే డేటా కోసం వేరే పోర్టులు తెరవాలి, లేదంటే లాగిన్ అవుతుంది గానీ ఫైళ్ల లిస్టు రాదు, ఆ ఫోన్లన్నీ మీకే వస్తాయి. ఎస్‌ఎఫ్‌టీపీయే నయం. అయినా గురువుగారూ, చీర ధర మార్చుకునే ఆయనకి సర్వర్ లాగిన్ ఎందుకండీ? ఆయన చేతిలో ఉండేది ఫోను. వర్డ్‌ప్రెస్ (బ్రౌజర్లోంచే సైట్ మార్చుకునే సాఫ్ట్‌వేర్) పెట్టి ఎడిటర్ లాగిన్ ఇస్తే రాతలూ ఫొటోలూ ఆయనే మార్చుకుంటాడు, ప్లగిన్ల (సైట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాముల) జోలికి వెళ్లలేడు. పేజీలు సొంతంగా తయారుచేసుకునేవాళ్లకి మాత్రమే ఎస్‌ఎఫ్‌టీపీ. ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే, క్యాపిటల్స్ లేకుండా పెట్టమని ముందే చెప్పండి. సర్వర్లో ఉండే లినక్స్‌కి క్యాపిటల్ వేరు, చిన్నక్షరం వేరు, విండోస్‌లో బాగా కనబడిన ఫొటో అక్కడికి వచ్చేసరికి మాయమయ్యేది చాలాసార్లు అందుకే.

కిమిడి_కుర్రాడు:
ఇద్దరికీ థాంక్స్. చీరల షాపుకి, మండపానికి వర్డ్‌ప్రెస్సే ఇస్తా. బొమ్మల వాళ్లబ్బాయి పేజీలు తనే చేస్తాడు, అతని కోసం చ్‌రూట్ పెట్టి చూశా, పాస్‌వర్డ్ తీసుకుని వెంటనే కట్ అయిపోతోంది.

బరంపురం_బాబాయ్:
ఆ ఫోల్డర్ అతని పేరు మీద పెట్టి ఉంటావు. చ్‌రూట్ ఫోల్డర్‌కి, దాని పైనున్న ఫోల్డర్లన్నిటికీ ఓనర్ రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న లాగిన్) అయి ఉండాలి, ఇంకెవరికీ రాసే అనుమతి ఉండకూడదు. దాని లోపల ఇంకో ఫోల్డర్ చేసి అతనికివ్వు, పేజీలు అందులో వేసుకుంటాడు. సెట్టింగ్ మార్చేటప్పుడు నీ పాత లాగిన్ మూయకుండా ఇంకో విండోలో పరీక్షించు. ఒక్కొక్కరు ఎంత స్థలం వాడొచ్చో హద్దు, అదే డిస్క్ కోటా, కూడా పెట్టెయ్, మండపం వాళ్లకి ఒక్క పెళ్లి వీడియో చాలు సర్వర్ నింపడానికి.