అప్‌డేట్: పుస్తకం ముట్టని మా ఇంటర్ అబ్బాయి

పోయిన నెల అడిగాను కదా, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివే మావాడు పుస్తకం ముట్టట్లేదు, గట్టిగా అడిగితే గది తలుపేసుకుంటున్నాడని. మీలో ఒకరు చెప్పారని టెలీ మానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశాను. డబ్బులేం లేవు, తెలుగులోనే మాట్లాడారు. వాడి సంగతి చెప్పబోతే ముందు నాకు నిద్ర పడుతోందా అని అడిగారు!

వారం రోజులు చదువు ఊసెత్తలేదు. (మా ఆయన నోరు కట్టేయడమే పెద్ద పనైంది.) ఎనిమిదో రోజు పెసరట్టు తింటూ వాడే అన్నాడు: "అమ్మా, వారం వారం టెస్టు ర్యాంకులు గోడకి అంటిస్తారు. నా పేరు కింద నుంచి మూడోది." ఇన్నాళ్లూ బద్ధకమనుకున్నాం.

కాలేజీవాళ్లని అడిగితే ఆ లిస్టు తీసేది లేదన్నారు. సాయంత్రం స్టడీ అవర్స్ మాత్రం మాన్పించాం. ఇప్పుడు రోజూ 40 నిమిషాలు ఫిజిక్స్ చదువుతున్నాడు. మ్యాథ్స్ పుస్తకం ఇంకా బీరువా మీదే ఉంది.