అప్‌డేట్: చెల్లి ఇప్పుడు కోలుకుంటోంది

కాన్పయి ఐదు వారాలైనా మా చెల్లి నిద్రపోవడం లేదని, బిడ్డ ఏడ్చినా గోడవైపు తిరిగే పడుకుంటోందని, ఇది బాలింత నీరసమేనా అని బొబ్బిలి నుంచి అడిగాను. కాదు, ప్రసవానంతర కుంగుబాటు. తొలి రోజుల దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుందని, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలని 42వ రోజున ఆశా కార్యకర్తతో కలిసి ఇంటికి వచ్చిన ఏఎన్‌ఎం చెప్పారు. దిష్టి అంటూ మేము పోగొట్టుకున్న ఆ రోజులు నన్ను ఇప్పటికీ బాధిస్తాయి. ఆ ఏఎన్‌ఎం మమ్మల్ని బయటకు పంపి, చాప మీద చెల్లి పక్కనే కూర్చుని, ఆమె చేయి వదలకుండా గంటసేపు విన్నారు. తర్వాత విజయనగరంలో డాక్టరుకు చూపిస్తే, కాన్పు తర్వాతి కుంగుబాటును గుర్తించే ఎడిన్‌బరో స్కేలులోని 10 ప్రశ్నలు అడిగారు. 30కి 17 వచ్చింది; మార్కులు పెరిగేకొద్దీ కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువట. పాలిచ్చే తల్లికి తగిన మందు రాశారు. రాత్రి భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తున్నాం. నిన్న పాపకు తనే నలుగు పెట్టింది.